ఎత్తు తగ్గాలి, వేగమూ తగ్గాలి!

సైకిలు మీద వంతెన దిగేటప్పుడు మీరు తొక్కరు కదా! అయినా సైకిలు పరుగు తీస్తుంది. బ్రేకు పట్టకపోతే దిగేకొద్దీ వేగం పెరుగుతుంది. వేల అడుగుల ఎత్తు నుంచి దిగే విమానానికీ ఇదే చిక్కు. అది ఎత్తూ తగ్గాలి, వేగమూ తగ్గాలి. ఈ రెండూ ఒకేసారి జరగడం ఎందుకు కష్టమో చూద్దాం.

ఒక విమానం 35,000 అడుగుల ఎత్తున, అంటే సుమారు 10.7 కిలోమీటర్ల పైన, గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. తరగతిలో నేర్చుకున్న సూత్రాలతోనే లెక్క కట్టండి. విమానంలోని ప్రతి కిలోగ్రాము ద్రవ్యరాశికీ ఎత్తు వలన కలిగిన స్థితిజ శక్తి సుమారు 1,05,000 జౌళ్లు. వేగం వలన కలిగిన గతిజ శక్తి సుమారు 28,000 జౌళ్లు. నేల మీద ఆగేసరికి ఈ రెండూ సున్నా కావాలి. శక్తి నశించదు కదా, మరి అదంతా ఎక్కడికి పోతుంది? చాలా భాగం గాలి నిరోధం వలన ఉష్ణంగా మారి గాలిలో కలిసిపోతుంది. మిగిలిన కొంత రన్‌వే మీద చక్రాల బ్రేకులను వేడెక్కిస్తుంది.

అయితే విమానాన్ని గాలిని సులువుగా చీల్చుకుపోయేటట్లు నిర్మిస్తారు. ముక్కు బాగా కిందికి దించితే ఎత్తు త్వరగానే తగ్గుతుంది, కాని వేగం పెరుగుతుంది. ముక్కు పైకెత్తితే వేగం తగ్గుతుంది, కాని దిగడం మందగిస్తుంది. అందుకే పైలట్లు చాలా ముందుగా దిగడం మొదలుపెడతారు. వారికొక నోటి లెక్క ఉంది: ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి 3 నాటికల్ మైళ్ల దూరం కావాలి. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కన 35,000 అడుగులకు 105 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 195 కిలోమీటర్లు! వేగం తగ్గించుకోవడానికి మరికొంత దూరం కలుపుకోవాలి.

అయినా ఎత్తు మిగిలిపోతే? రెక్కల పైనున్న స్పాయిలర్లనే పలకలను లేపి గాలికి అడ్డం పెడతారు. రెక్కల వెనుకనున్న ఫ్లాపులను దించితే నిరోధం పెరగడమే కాదు, తక్కువ వేగంలోనూ విమానం గాలిలో నిలుస్తుంది. చక్రాలను దించినా నిరోధం పెరుగుతుంది.

మరి స్పాయిలర్లూ, ఫ్లాపులూ పనిచేయకపోతే? 1983 జూలై 23న కెనడాలో అదే జరిగింది. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి అట్టావా మీదుగా ఎడ్మంటన్‌కు బయలుదేరింది. ఇంధనం మీటర్లు పనిచేయనందున సిబ్బంది చేతి లెక్క వేశారు. ఆ ఇంధనం లీటరుకు 0.8 కిలోగ్రాము తూగుతుంది. వారు 1.77తో గుణించారు. అది పౌన్లలో బరువు! దానితో కావలసిన ఇంధనంలో సగం కూడా విమానంలో లేదు. 41,000 అడుగుల ఎత్తున పోతుండగా ఇంధనం నిండుకుంది. ఒకదాని తరువాత ఒకటి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి.

ఇక వారి చేతిలో మిగిలింది ఎత్తు ఒక్కటే. దానినే దూరంగా మార్చుకుంటూ దిగాలి. విన్నిపెగ్ నగరాన్ని అందుకోలేమని లెక్క తేలడంతో, గిమ్లీ అనే ఊరిలోని పాత వైమానిక స్థావరం వైపు తిరిగారు. తీరా అక్కడికి చేరేసరికి ఎత్తు ఎక్కువైంది! ఇంజన్లు లేక స్పాయిలర్లకూ, ఫ్లాపులకూ శక్తి అందలేదు. ఒక చుట్టు తిరిగి వద్దామంటే రన్‌వే అందకుండా పోవచ్చు.

కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. ఆయన చుక్కానిని ఒకవైపుకు తిప్పి, రెక్కలను రెండోవైపుకు వంచారు. విమానం గాలికి ఎదురుగా తన పక్కభాగాన్ని చూపుతూ ఏటవాలుగా దిగసాగింది. విమానం ఒడలే స్పాయిలరు పని చేసిందన్నమాట! వేగం పెరగకుండానే ఎత్తు తగ్గింది. ముందు చక్రం సరిగా కుదురుకోనందున ముక్కు నేలను రాసుకుంటూ విమానం ఆగింది. అప్పటికి ఆ రన్‌వే కార్ల పందేలకు వాడుతున్నారు. ఆ రోజు అక్కడ జనం కూడా ఉన్నారు. వారిలో ఎవరికీ దెబ్బ తగలలేదు. విమానంలోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. మరమ్మతు చేసిన ఆ విమానం 2008 వరకు ఎగిరింది.

జవాబు పక్కన ప్రమాణం రాయలేదని మార్కు తగ్గిస్తే మాస్టారిని విసుక్కుంటారు కదూ! ఈసారి లెక్క చేసేటప్పుడు గిమ్లీని ఒకసారి తలచుకోండి.