9.4 రాబడి బాండ్లు: ప్రజా పథకాలకు నిధుల సమకూర్పు

కోస్గి పురపాలక సంఘం ఇంటింటికీ నీరందించడానికి కొత్త ట్యాంకు కట్టి, పైపులైను వేయాలనుకుందని ఊహించండి. ఖర్చు ఇప్పుడే పెట్టాలి. నల్లా బిల్లులు మాత్రం ఇరవై ఏళ్లపాటు కొద్దికొద్దిగా వస్తాయి. ఈ అంతరాన్ని పూడ్చే సాధనాలలో రాబడి బాండు ఒకటి.

9.4.1 నిర్వచనం

ఒక నిర్దిష్ట పథకం నుంచి వచ్చే నీటి రుసుము, టోల్ వంటి రాబడితో అసలు, వడ్డీ చెల్లిస్తామని జారీచేసే రుణపత్రమే రాబడి బాండు. సాధారణ బాధ్యత బాండుకు ఆస్తి పన్నుతో సహా సంస్థ మొత్తం ఆదాయం ఆధారం. సెబీ 2015 నిబంధనలు ఈ రెండు రకాలనూ గుర్తించాయి.

9.4.2 పనిచేసే తీరు

వసూళ్లను సాధారణంగా ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో జమచేస్తారు. ఉదాహరణకు ఏడాది రాబడి రూ.150 లక్షలు, నిర్వహణ ఖర్చు రూ.60 లక్షలు అనుకుందాం. మిగులు రూ.90 లక్షలు. చెల్లించవలసిన అసలు, వడ్డీ కలిపి రూ.75 లక్షలైతే రుణ చెల్లింపు నిష్పత్తి 1.2. వసూళ్లు 20 శాతం తగ్గితే మిగులు రూ.60 లక్షలకు పడిపోతుంది. అంటే రూ.15 లక్షలు లోటు. నిర్వహణ ఖర్చు తగ్గదు కనుక, వసూళ్లలో చిన్న తగ్గుదల కూడా మిగులును పెద్దగా దెబ్బతీస్తుంది.

9.4.3 హైదరాబాద్ అనుభవం

2018 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ 8.90 శాతం వడ్డీతో, పదేళ్ల గడువుతో రూ.200 కోట్ల బాండ్లు జారీచేసింది. ఏటా వడ్డీయే రూ.17.80 కోట్లు. ఆ సొమ్ము వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకానికి ఉద్దేశించినది. కానీ ఆ ఫ్లైఓవర్ల మీద టోల్ లేదు. చెల్లింపులకు కార్పొరేషన్ సొంత ఆదాయమే దిక్కు. కాబట్టి సొమ్ము ఒక పథకానికి ఖర్చయినంత మాత్రాన అది రాబడి బాండు కాదు. తిరిగి చెల్లించే వనరు ఏదో చూడాలి.

9.4.4 చిన్న పట్టణాలు

కోస్గి వంటి పట్టణం ఒంటరిగా మార్కెట్‌కు వెళితే జారీ ఖర్చులే భారమవుతాయి. 2002లో తమిళనాడు అనేక చిన్న పట్టణాలను కలిపి, ఉమ్మడి నిధి ద్వారా రూ.30.41 కోట్లు సేకరించింది. అయితే బాండు గ్రాంటు కాదు. రేపటి నల్లా బిల్లును ఈరోజే ఖర్చు చేయడం. లోటు వస్తే రుసుము పెంచాలన్న ఒత్తిడి వస్తుంది. కూలి చేసుకునే కుటుంబం దాన్ని కట్టగలదా? కట్టలేని చోట గ్రాంటు లేదా సబ్సిడీ తోడుండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రాబడి బాండుకు, సాధారణ బాధ్యత బాండుకు తేడా ఏమిటి?
2. పై ఉదాహరణలో వసూళ్లు 10 శాతం తగ్గితే రుణ చెల్లింపు నిష్పత్తి ఎంత?