ఇంట్లో స్టోరేజ్ సర్వర్ పెడుతున్నారా? ముందు కరెంటు మీటర్ చూడండి

2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఫ్రీ అన్‌లిమిటెడ్ బ్యాకప్ ఆగిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో నలుగురి ఫోన్లలో ఒకటే గోల, స్టోరేజ్ ఫుల్ అని. నెలనెలా డబ్బు కట్టే బదులు ఇంట్లోనే ఒక నాస్, అంటే వైఫైలో ఉన్న ఫోన్లన్నీ వాడుకునే స్టోరేజ్ సర్వర్, పెడదామనుకున్నా. హన్మకొండలో మా ఇంటి అటక మీద మూడో జనరేషన్ ఐ5 డెస్క్‌టాప్ ఊరికే పడి ఉంది. దించి, ఓపెన్‌మీడియావాల్ట్ ఎక్కించి, పాత హార్డ్ డిస్క్ తగిలించా. ఖర్చు సున్నా. మే నెల బిల్లు వచ్చేదాకా సూపర్ అనుకున్నా.

మాకు గృహజ్యోతి ఉంది. 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్లలోపు వాడితే జీరో బిల్లు. దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలి. కూలర్ నడిచే మే నెలలో మాకు 180 దాకా అవుతుంది. ఆ నెల 223 అయింది. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, మిగతా 23కి 7.70 చొప్పున 177. ఎనర్జీ ఛార్జీలే దాదాపు 1,200 రూపాయలు. "గా డబ్బా పొద్దుమాపు ఎందుకు నడుస్తుందిరా?" అని బాపు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

జీరో బిల్లు లేనివాళ్ళకీ ఈ గీత ముఖ్యమే. సరిగ్గా 200 యూనిట్లయితే 820 రూపాయలు. 201 అయితే శ్లాబ్ మారి 1,027. ఒక్క యూనిట్‌కి రెండొందల పైన!

ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే నా డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండానే 60 వాట్లు లాగుతోంది. 24 గంటలూ నడిచే దేనికైనా లెక్క సింపుల్: వాట్లను 0.72తో గుణిస్తే నెలకు ఎన్ని యూనిట్లో వస్తుంది. 60 వాట్లకు 43 యూనిట్లు. 10 వాట్లకు 7 పైచిలుకు.

ఇక్కడ ఒక మాట. బాక్స్ మీద రాసే టీడీపీ చూసి మోసపోకండి. ఇంటెల్ ఎన్100 టీడీపీ 6 వాట్లే, కానీ అది చిప్ వరకే. ర్యామ్, డిస్క్, అడాప్టర్ వేరే. మనకు కావలసింది గోడ దగ్గర లాగే వాట్లు, అదీ ఖాళీగా ఉన్నప్పుడు. ఇంటి సర్వర్ రోజులో ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది.

మరి ఏది కొనాలి? రాస్ప్‌బెర్రీ పై అందరికన్నా తక్కువ కరెంటు తింటుంది. కొంటే పై 4 గానీ, ఆ పైది గానీ కొనండి. పై 3లో నెట్‌వర్క్, డిస్క్ రెండూ ఒకే యూఎస్‌బీ 2.0 దారిలో వెళ్తాయి కాబట్టి కాపీ నత్తనడకే. పై 4లో కూడా యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 ఆంపియర్లే, రెండు డిస్కులు తగిలిస్తే తడబడుతుంది. పవర్ సప్లై, కేస్, కార్డు అన్నీ కలిపితే చవక కూడా కాదు.

నేను కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్ వెళ్ళి, ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ మినీ పీసీ తెచ్చా. ఐ5-6500టీ. పేరు చివర టీ ఉంటే తక్కువ పవర్ రకం అని గుర్తు. ఖాళీగా ఉన్నప్పుడు నా మీటర్‌లో 11 వాట్లు. కొత్తదే కావాలంటే ఎన్100 బాక్స్ మంచిది, వీడియో కన్వర్షన్‌లో ఇంకా మెరుగు. ఫోటోలకైతే నాకు తేడా తెలియలేదు. ఎలాగూ గిగాబిట్ నెట్‌వర్కే అడ్డు.

కొనే ముందు డిస్క్ మందం కొలవండి. ఈ మినీల్లో ఒక్క 2.5 అంగుళాల డిస్కే పడుతుంది. 2 టీబీ దాకా 7 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. అంతకన్నా పెద్ద హార్డ్ డిస్కులు 15 మిల్లీమీటర్లుంటాయి, లోపల పట్టవు. బయోస్‌లో "ఆఫ్టర్ పవర్ లాస్" అన్నదాన్ని "పవర్ ఆన్" చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మీరే వెళ్ళి బటన్ నొక్కాలి. 11 వాట్లే కాబట్టి చిన్న యూపీఎస్ చాలు. పాత డెస్క్‌టాప్ అయితే అదే యూపీఎస్‌ని త్వరగా ఖాళీ చేసేది.

డిస్క్ ఒక్కటే ఉంటే అది బ్యాకప్ కాదు, అదీ మర్చిపోవద్దు. 2023 జూలై వరదలో నయీంనగర్‌లో మా చిన్నమ్మ వాళ్ళింట్లోకి నీళ్ళొచ్చి పెళ్ళి ఆల్బమ్ ముద్దయింది. అంతకుముందు నేను ఫోన్‌తో తీసిన కాపీలే ఇప్పుడు మిగిలాయి. అవి ఈ సర్వర్లో ఉన్నాయి. సర్వర్ పై అరలో, గాలి తగిలే చోట ఉంది. ఇంకో కాపీ కరీంనగర్‌లో అక్క దగ్గర. ఆమె వచ్చినప్పుడల్లా పోర్టబుల్ డిస్కులు మార్చుకుంటాం.

ఈ మే నెల మీటర్ రీడింగ్ 188.