రణభూమిలో వేగరి

రాజులు చారచక్షువులని మన పెద్దలు చెప్పినారు. ఆధునిక సైన్యమునకు ఆ చక్షువు స్కౌటు. మొదటి ప్రపంచయుద్ధమున ఈ స్కౌటే పలుమార్లు స్నైపరు, అనగా చాటున పొంచియుండి గురిచూచి కాల్చు భటుడు కూడ అయినాడు. అట్టివారిలో కెనడా దేశీయుడైన ఫ్రాన్సిస్ పెగామగాబో మిక్కిలి ప్రసిద్ధుడు.

ఈతడు హ్యూరన్ సరస్సు ప్రాంతమున ఒజీబ్వే అను ఆదిమజాతిలో పుట్టినాడు. 1914 ఆగస్టులో, యుద్ధము ఆరంభమైన దినములలోనే, స్వచ్ఛందముగా సైన్యమున చేరినాడు.

వేగరి పని రాత్రివేళ. ఉభయసేనల కందకముల నడుమనున్న నేలపై ప్రాకిపోయి, ముండ్లతీగ ఎచ్చట తెగినదో, మరతుపాకి ఎచ్చట నున్నదో కనిపెట్టి తెల్లవారకమునుపే మరలి రావలెను. స్నైపరు పని పగలు. గంటలకొలది కదలక పడియుండుటయే అందులో పెద్ద పని, కాల్చుట క్షణకాలము. పెగామగాబో వాడినది రాస్ రైఫిలు. బురద సోకినచో, వడివడిగా కాల్చినచో అది బిగుసుకొని పోయెడిది. అందుచే 1916 నాటికి సామాన్య పదాతులనుండి దానిని తీసివేసినారు. కాని దాని గురి గొప్పది. నిదానముగా ఒక్కొక్క గుండు కాల్చువానికి ఆ దోషము అంతగా అడ్డు రాలేదు.

అతడు 378 మందిని కూల్చినాడని, 300 మందిని బందీలుగా పట్టినాడని ప్రతీతి. స్నైపరుల లెక్కలను అక్షరాల నమ్ముట కష్టము. గుండు తగిలి ఒరిగినాడో, భయపడి వంగినాడో దూరమునుండి ఎవరు తేల్చగలరు? అంతకంటె అతని పతకముల చరిత్ర గమనింపదగినది. మిలిటరీ మెడల్ అతనికి మూడుమార్లు లభించినది. మొదటిది 1915లో ఈప్ర్ మొదలైన యుద్ధములలో గుండ్ల నడుమ వార్తలు మోసినందుకు. రెండవది 1917 నవంబరులో పాషెండేల్ వద్ద ఇరుపక్కల దళముల సమాచారము చేరవేసి, దారితప్పిన దళమును సరియైన చోటికి నడిపినందుకు. మూడవది 1918 ఆగస్టు 30న, తోటివారి తూటాలు అయిపోగా, ఎదురుకాల్పులలోనికి పోయి తూటాలు తెచ్చినందుకు. మూడింటిలో ఒక్కటియు చంపినవారి సంఖ్యకు ఇచ్చినది కాదు!

1919లో స్వదేశము చేరినాడు. 1921లో పారీ ద్వీపమున తన జాతివారికి నాయకుడైనాడు. అచ్చట ప్రభుత్వ ఏజెంటుదే పెత్తనము. 1933లో మరియొక నిబంధన వచ్చినది: ఆదిమజాతుల నాయకులు ప్రభుత్వశాఖకు నేరుగా ఉత్తరము వ్రాయరాదు, ఏజెంటు ద్వారానే పంపవలెను. కాల్పుల నడుమ పటాలము వార్తలు మోసిన మనుజుడు తన జాతి మొరను ఆ ఏజెంటు చేతికే ఈయవలసి వచ్చినది. అయినను ఊరకుండలేదు. 1943లో నేటివ్ ఇండిపెండెంట్ గవర్నమెంట్ అను ఆదిమజాతుల సంస్థకు అధినాయకుడైనాడు. 1952లో కన్నుమూసినాడు. పారీ సౌండ్ పట్టణమున అతని విగ్రహము 2016లో వెలసినది.