అరిసె నూనెలో ఎందుకు విడిపోతుంది?

సంక్రాంతి ముందురోజు, నరసరావుపేట. చుట్టాలు మాచర్లలో బస్సెక్కేశారు. ఇక్కడ బాండీలో మొదటి అరిసె బుడబుడమని విచ్చుకుని పొడిపొడిగా తేలింది. "పాకం రాలేదే!" అంది అమ్మమ్మ.

పాకం రావడమంటే ఏమిటి? నీళ్లు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతాయి. బెల్లం కరిగిన నీటికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి. నీరు ఆవిరయ్యేకొద్దీ ఆ వేడి ఇంకా పెరుగుతుంది. సుమారు 112 నుంచి 116 డిగ్రీల మధ్య, చన్నీళ్లలో వేసిన చుక్క వేళ్ల మధ్య మెత్తటి ఉండవుతుంది. అదే ఉండపాకం. అంతకుముందే దింపేస్తే నీరు ఎక్కువ మిగులుతుంది. పిండిని పట్టి ఉంచే బలం ఆ పల్చటి పాకానికి ఉండదు. కాగే నూనెలో ఆ నీరు ఆవిరై తోసుకొస్తుంది, అరిసె చెదిరిపోతుంది.

మందు తేలికే. ఇంకాస్త తడి బియ్యప్పిండి కలిపి, ముందు ఒక్కటే వేసి చూడాలి. నిలబడకపోతే మరో గుప్పెడు. పాకం ముదిరితే మాత్రం వేరే తంటా, అరిసెలు రాళ్లవుతాయి! అప్పుడు వేడి పాలు చిలకరించి మర్దించాలి.

మరి విరిగిన ముక్కలు? చిల్లుల గరిటెతో దేవి, నెయ్యి వేసి ఉండలు చుట్టింది అమ్మమ్మ. చుట్టాలు ముందు వాటినే ఖాళీ చేశారు. పేరేంటని అడిగితే నేను చెప్పలేదు.