అమాక్సిసిలిన్ జ్వరం బిళ్ల కాదు: అపోహలు – వాస్తవాలు

పంటి చీము నుంచి పిల్లల చెవిపోటు దాకా డాక్టర్లు తరచూ రాసే యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన ఈ మందు 1970ల నుంచి వాడుకలో ఉంది. చవకైనది, ఇప్పటికీ బాగా పనిచేసేది. దాన్ని చేజేతులా పోగొట్టుకోకూడదు.

అపోహ: జలుబు, జ్వరం రాగానే రెండు బిళ్లలు వేసుకుంటే త్వరగా తగ్గుతాయి.
వాస్తవం: బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా అమాక్సిసిలిన్ అడ్డుకుంటుంది. వైరస్‌కు ఆ గోడే ఉండదు. అందుకే జలుబు, ఫ్లూ, డెంగీల మీద ఇది పనిచేయదు. చీమిడి పచ్చబడినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరమైనట్టు కాదు.

అపోహ: నొప్పి తగ్గింది కాబట్టి మందు మానేయొచ్చు.
వాస్తవం: ఎన్ని రోజులు వాడాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతునొప్పికి సాధారణంగా 10 రోజులు ఇస్తారు. అది పూర్తిగా నయం కాకపోతే కొందరు పిల్లలకు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. డాక్టర్ చెప్పకుండా మానొద్దు, పొడిగించొద్దు.

అపోహ: మిగిలిన సిరప్ దాచుకుంటే మళ్లీ పనికొస్తుంది.
వాస్తవం: కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి పొడిని కలిపాక మందు బలం క్రమంగా తగ్గుతుంది. ఎక్కువ సిరప్‌లకు గడువు వారమే. లేబుల్ చూడండి. పైగా పిల్లల డోసు బరువును బట్టి ఉంటుంది. అన్నకు రాసిన మందు చెల్లికి పోయకండి.

అపోహ: యాంటీబయాటిక్ వేడి చేస్తుంది, అందుకే విరేచనాలు.
వాస్తవం: పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియా కూడా చనిపోవడమే ముఖ్య కారణం. ఓఆర్ఎస్ తాగించండి. రక్తం పడితే డాక్టర్‌కు చూపించండి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం కనిపిస్తే అది అలర్జీ కావచ్చు. మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: తరచూ వాడితే ఒళ్లు మందుకు అలవాటు పడుతుంది.
వాస్తవం: మందుకు లొంగకుండా పోయేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. కొన్ని రకాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌తో అమాక్సిసిలిన్‌ను పాడుచేస్తాయి. దాన్ని అడ్డుకోవడానికే క్లావులానిక్ యాసిడ్ కలిపిన మాత్రలు వచ్చాయి. ఇలా మొండికెత్తిన బ్యాక్టీరియా ఎన్నడూ యాంటీబయాటిక్ ముట్టని పసిపిల్లలకూ సోకగలదు.

స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉంటే, డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందని అర్థం. మెడికల్ షాపులో నోటిమాటగా అడిగి యాంటీబయాటిక్ కొనకండి. మీ ఇంట్లో ఎవరికైనా నిజంగా అవసరం పడ్డ రోజున ఈ మందు పనిచేయాలి.