హిమాయత్‌సాగరపు కొరమీను

శంషాబాదు విమానాశ్రయమునుండి బాహ్యవలయ రహదారిమీద గచ్చిబౌలివైపు పోవువారికి మార్గమధ్యమున హిమాయత్‌సాగరము కనబడును. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట, మూసీపై ఉస్మాన్‌సాగరమును 1920లోను, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరమును 1927లోను నిర్మించిరి. ఈ నీటిని త్రాగి నగరము పెరిగినది. ఈ నీటిలోని చేపల సంగతి మాత్రము మనము అంతగా విచారించుటలేదు.

తెలంగాణ ప్రభుత్వము 2016లో కొరమీనును రాష్ట్రపు చేపగా ప్రకటించినది. మృగశిర కార్తెనాడు నాంపల్లిలో చేపమందు కొఱకు బారులు తీరిన వేలాది జనులు మ్రింగునది దీని పిల్లలనే. కొరమీను తల పైకెత్తి గాలి పీల్చును. మొప్పల పైభాగమున అందులకై వేఱుగ ఒక గది యున్నది. చెరువెండినచో బురదలో దాగి బ్రతుకును. తొలకరి చినుకులకు తడినేలపై ప్రాకి ప్రక్క చెరువును చేరుటయు కలదు. ఇంత గట్టి ప్రాణమునకు అపాయమేమి యని శ్రోతలు అడుగవచ్చును. నిజమే, ప్రపంచమంతటి లెక్కలో ఇది అంతరించుచున్న జాతి కాదు. కాని ఒక చెరువులో దీని వంశము తెగినయెడల, ఆ చెరువునకు ఆ లెక్క యేమి యూరట?

ఆనకట్టలు అన్ని చేపలను ఒకే తీరున బాధింపవు. సముద్రమునుండి గోదావరి కెదురీదు పులసకు 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట అడ్డుగోడయైనది. కొరమీను నిలువనీటి చేప. దానికి జలాశయము ఇల్లే కాగలదు. అయితే ఆ యింటి పురిటిగది ఒడ్డున నున్నది. వానకాలమున మోకాటిలోతు నీటిలో, తుంగ నడుమ గుండ్రముగా చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. అవి పైకి తేలును. పొదిగిన పిల్లలు ఎఱ్ఱని గుంపుగా నీటిపై కదలుచుండగా, పెద్దచేప క్రిందనే కాపుండును. జాలరి కిది బాగుగా తెలియును. ఆ ఎఱుపు కనబడినచోట గాలము వేసిన చేప దొరకుట సులభము. కాపు పోయిన పిల్లలు ఇతర చేపల పాలగును.

ఒడ్డును మట్టితో పూడ్చి చదును చేసినచోట తుంగ లేదు, గూడును లేదు. చెరువునకు చెరువునకు నడుమనున్న వాగు రోడ్డు క్రింది గొట్టములో దూరినచోట ప్రాకు త్రోవ లేదు. జలాశయములకు 10 కిలోమీటర్ల లోపలి 84 గ్రామములలో పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించిన 111వ నంబరు ఉత్తర్వు 1996లో వచ్చినది. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱచిరి. భూమి విలువ యెంత పెరిగినదో చెప్పనక్కఱలేదు. 2022లో ఆ ఉత్తర్వును సడలించుచు మఱియొకటి వెలువడినది. నీటి పారిశుద్ధ్యమును గూర్చి వాదములు చాల జరిగినవి. చేపకు కావలసిన ఒడ్డును గూర్చి వాదించినవారు అరుదు.

ఇక పరదేశపు చేపలు. తిలాపియా 1952లో మన దేశమునకు వచ్చినది. అది పిల్లలను నోటిలోనే పెంచును. తుంగ లేకున్నను దానికి చింత లేదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లో కేంద్రప్రభుత్వము నిషేధించినను, దొంగతనముగ పెంచుట మానలేదు. అదియు గాలి పీల్చును, అదియు తడినేలపై ప్రాకును. పెంపకపు గుంటనుండి వరదనాడు బయటపడినదా, కొరమీను పిల్లలను మ్రింగక మానదు. మూడవది దక్షిణ అమెరికానుండి అద్దాల తొట్టెల శోభకై తెచ్చినది. ఒడలెల్ల ముండ్ల కవచము. జాలరులు దెయ్యం చేప యని పేరు పెట్టిరి. వలలు చినుగును, గట్టున బొరియలు పడును, తినువారు లేరు.

చెరువులలో చేపపిల్లలను వదలుట మంచిదే. కాని బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలను ఎన్ని లక్షలు పోసినను కొరమీనునకు ఒరుగున దేమియు లేదు; అందులో బంగారుతీగ పరదేశియే. ప్రతి చెరువున ఒక మూల తుంగను కోయక విడిచి, వానకాలమున రెండు మాసములు అక్కడ గాలమును వలను ఆపినచో, పిల్లలను కొనకయే వంశము నిలుచును. ఇది మత్స్యకార సంఘములు తామే చేసికొనదగిన కట్టుబాటు.

గృహస్థులకు చెప్పవలసినది ఒకటి కలదు. ముందుగదిలోని అద్దపు తొట్టెలో చేప మితిమీరి పెరిగినపుడు, జాలిచే దానిని చెరువులో వదలుచుందురు. అట్లు వదలక, కొన్న దుకాణమునకే తిరిగి యిచ్చుట మేలు.