గదిలో ఒకరికి ఫ్లూ వస్తే?

కదిరిలో ఒక కాలేజీ హాస్టలు. ఒకే గదిలో మీరు నలుగురు ఉన్నారనుకోండి. రాత్రి కబుర్లు చెప్పిన మిత్రుడికి తెల్లవారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. పొడిదగ్గు, ఒళ్ళునొప్పులు. "బస్సెక్కి మా ఊరికి పోతా" అంటున్నాడు. పోనివ్వవచ్చా?

జలుబు మెల్లగా మొదలవుతుంది. ఇన్‌ఫ్లుయెంజా ఒక్కసారిగా వచ్చిపడుతుంది. దీనికి కారణం వైరస్. సుమారు పదివేల వైరస్‌లను వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు! దగ్గు, తుమ్ముల తుంపరలతో ఇది వ్యాపిస్తుంది. 2009 మే నెలలో మన దేశంలో నిర్ధారణ అయిన తొలి హెచ్1ఎన్1 రోగి, అమెరికా నుంచి విమానంలో హైదరాబాదు చేరిన ప్రయాణికుడే.

చిక్కేమిటంటే, లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందునుంచే రోగి ఇతరులకు అంటించగలడు. ఆ తర్వాత అయిదారు రోజులూ అంతే. కనుక మిత్రుడు బస్సెక్కితే తోటి ప్రయాణికులకూ, ఇంట్లో అవ్వకూ ప్రమాదమే. వృద్ధులకు ఇది న్యుమోనియాగా మారవచ్చు.

మరేం చేయాలి? వార్డెనుకు చెప్పి వేరే గదిలో ఉంచండి. కిటికీలు తెరవండి. మాస్కు, గంజి, నీళ్ళు, విశ్రాంతి అవసరం. యాంటీబయాటిక్స్ బాక్టీరియాను చంపుతాయి, వైరస్‌ను కాదు. ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది; సబ్బు దాన్ని ఛేదిస్తుంది. చేతులు తడిపి, కుళాయి కట్టేసి, 20 సెకన్లు రుద్దండి. నీటికి కరువైన మన సీమలో ఇది రెండువిధాలా లాభం!

మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే, అప్పుడు తరగతికి రావచ్చు. అంతవరకూ పాఠాలు రాసిపెట్టడం మీ ముగ్గురి వంతు.